నాలుగో దూలం

మేడమ్ రిటైరైన సందర్భంగా పుస్తకం వేస్తున్నామని, నన్నూ నాలుగు పేజీలు రాయమని ఆవిడ పాత విద్యార్థులు ఇంటికొచ్చి అడిగారు. మిగతా అందరూ ఆవిడ ఓర్పు గురించి, క్రమశిక్షణ గురించి రాస్తారు. రాయనివ్వండి, రెండూ నిజమే. నేను రాయాల్సింది వేరే ఉంది. ఆవిడ పదేళ్ల పరిశోధనని చెడగొట్టింది నేను. అది ఎలా జరిగిందో, దాన్ని ఆవిడ ఎలా మోశారో దగ్గరుండి చూసింది కూడా నేనే కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

నేను ప్రొఫెసర్ని కాను. సివిల్ ఇంజనీరింగ్ శాఖలో మెట్లు దిగి కిందికి వెళితే ఒక పొడవాటి హాలు ఉంటుంది. అది చెక్క ల్యాబు. అందులో ముప్పయ్యేళ్లు వడ్రంగిగా పనిచేశాను. ప్రయోగాలకి కావలసిన చెక్కలు కొయ్యడం, చిత్రిక పట్టడం, అతకడం నా పని. జీతం కాగితంలో నా ఉద్యోగానికి బారెడు పేరుంది గానీ, మేడమ్ మొదటి రోజు నుంచీ ‘మేస్త్రీ’ అనే పిలిచారు.

ఆవిడ మా శాఖకి వచ్చింది కాంక్రీటు పాఠం చెప్పడానికి. డాక్టరేటు కూడా అందులోనే. ఒకసారి ఎవరో ఒక పాత గిడ్డంగిని కూల్చుకోవడానికి సర్టిఫికెట్టు కావాలని వస్తే, శాఖలో అందరికన్నా చిన్నావిడ కదా అని మేడమ్‌ని పంపారు. ఒక సంతకం పెట్టి రావాల్సిన మనిషి, మూడు వారాల పాటు నిచ్చెనెక్కి ఆ పైకప్పు దూలాలన్నిటినీ సుత్తితో తట్టి తట్టి చూశారు. నూరేళ్ల నాటి చెక్క ఇంకా చెక్కుచెదరలేదని రాసిచ్చారు. గిడ్డంగి యజమాని మండిపడ్డాడు. మేడమ్ మాత్రం ఆ తర్వాత కాంక్రీటు జోలికి పోలేదు.

అప్పట్లో చెక్కతో అంతస్తుల మీద అంతస్తులు కట్టవచ్చంటే నవ్వేవారు. ఇందుకు పెద్ద పెద్ద చెట్లేం కొట్టక్కర్లేదు. త్వరగా పెరిగే చెట్ల నుంచి తీసిన సన్నటి పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, జిగురు రాసి, ప్రెస్సులో బిగిస్తే ఎంత లావు దూలమైనా తయారవుతుంది. పలకలు పొడవు చాలకపోతే వాటి చివరల్ని దువ్వెన పళ్లలా కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి అతుకుతాం. ఆ అతుకు వెయ్యడంలో నన్ను మించినవాడు లేడని నాకో గీర ఉండేది. కాంక్రీటు సార్లు మమ్మల్ని చూసి, ఇంజనీరింగ్ చదివి బల్లలు చేసుకుంటున్నారని ఎగతాళి చేసేవారు. బల్లలూ చేశాం. ఈనాటికీ ఆ సార్ల గదుల్లో ఉన్నవి నేను చేసినవే.

తొమ్మిదేళ్లు ఆవిడది తాత్కాలిక ఉద్యోగమే. ఏటా సెలవుల్లో పొడిగింపు కాగితం చేతికొచ్చేదాకా, వచ్చే ఏడు పాఠం చెబుతారో లేదో ఆవిడకే తెలిసేది కాదు. అయినా ఒక్క క్లాసు తేలిగ్గా తీసుకోలేదు. మొదటి క్లాసు ఎప్పుడూ ల్యాబులోనే. రెండు దిమ్మల మీద పొడుగు పలక ఒకటి వేయించి, పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలిచి దాని మధ్యలో కూర్చోమనేవారు. కూర్చునే ముందు, తమ బరువుకి అది ఎంత కుంగుతుందో చెప్పాలి. లావుపాటి పిల్లలు సిగ్గుపడేవారు, బక్కపలచని వాళ్లు అనవసరంగా గర్వపడేవారు, ఎవరి అంకె కూడా సరిపోయేది కాదు. చదువు ముగిసే నాటికి అదే పలక మీద అదే పిల్లలు వెంట్రుకవాసి తేడాతో చెప్పేవారు. అందుకే ఆవిడకి ‘కుంగుడు మేడమ్’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పరీక్ష హాల్లో ఎవరైనా నిద్రకి తూలితే, ఎంత కుంగావో రాసిపెట్టమంటావా అని అడిగేవారు.

ఇక ఆ పదేళ్ల ప్రయోగం. ఒక దూలం ఒక్క రోజులో ఎంత బరువు మోస్తుందో ఎవరైనా చూసి చెప్పవచ్చు. అదే బరువుని ఏళ్ల తరబడి మోయమంటే మోస్తుందా అన్నది వేరే ప్రశ్న. చెక్క కూడా అలసిపోతుంది. ఎంత అలసిపోతుందో తెలియక, నిర్మాణ నియమాల పుస్తకంలో మా చెక్కకి చాలా తక్కువ బరువు రాసిపెట్టారు. అంత తక్కువైతే దానితో బడి గాని ఆసుపత్రి గాని కట్టడం గిట్టుబాటు కాదు. ఆ అంకె అన్యాయమని, మా చెక్క దానికి ఒకటిన్నర రెట్లు మోస్తుందని మేడమ్ లెక్క కట్టారు. నిరూపించడానికి ఒకటే దారి. ఆరు దూలాలకి ఆ బరువు వేలాడదీసి పదేళ్లు చూడాలి. ఆరూ నిలిస్తే పుస్తకంలో అంకె మారుతుంది.

దూలాలు నేనే చేశాను. ఒక్కోదాని కింద గడియారంలాంటి కొలత సాధనం పెట్టాం. దూలం ఏ కాస్త కుంగినా అందులో ముల్లు కదులుతుంది. ప్రతి బుధవారం పది గంటలకి ఆరు అంకెలు, గదిలో వేడి, తేమ ఒక లావుపాటి పుస్తకంలో రాయాలి. కంప్యూటరుకి కలిపే పరికరాలు ఉండేవి గానీ అవన్నీ కాంక్రీటు వాళ్ల దగ్గరే ఉండేవి. మేడమ్ అడిగారు, వాళ్లు చూద్దామన్నారు, అంతటితో సరి.

విశ్వవిద్యాలయంలో పైకి వెళ్లాలంటే ఏటా పత్రాలు అచ్చు కావాలి. ఆవిడ పత్రం పదేళ్లకి ఒకటి. మధ్యలో చిన్నా చితకా రాశారు గానీ మనసు పెట్టింది దీని మీదే. రెండుసార్లు ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూకి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మా శాఖాధిపతి మంచివాడే, తొందరపడే మనిషి. ఆ ప్రయోగాన్ని అయిదేళ్లకి ముగించి అచ్చుకి పంపమని సలహా ఇచ్చాడు. అయిదేళ్లు చూసి పదేళ్లని ఎలా రాయమంటారండీ అని ఆవిడ తిప్పి అడిగారు.

నాలుగో ఏడు నడుస్తుండగా ఆవిడ భర్తకి జబ్బు చేసింది. బ్యాంకులో పనిచేసే నెమ్మదైన మనిషి. ఆఖరి వారం మేడమ్ ఆసుపత్రిలోనే ఉండిపోయారు. బుధవారం కొలతలు నన్ను తీయమని ఫోన్‌లో చెప్పారు. ఆ బుధవారానికి ముందు సోమవారం మధ్యాహ్నం నేను ల్యాబులో ఒక్కణ్ణే కూర్చుని అన్నం డబ్బా విప్పుతుంటే టప్పుమని చప్పుడైంది.

నాలుగో దూలం. అడుగు పలకలో పగులు. నేను చూస్తుండగానే కొలత ముల్లు కదులుతోంది.

చిన్నతనంలో ఉలి పట్టింది మొదలు నలభై ఏళ్లుగా నా చేతులకి తెలిసింది ఒకటే, కుంగుతున్నదానికి ఆసరా ఇవ్వడం. ఇక్కడ నాకు జీతమిచ్చేది కుంగనివ్వడానికి. ఆ క్షణాన అది గుర్తుకు రాలేదు. రెండు జాకీలు తెచ్చి దూలం కింద బిగించేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. పగులు లోపలిదాకా జిగురు ఎక్కించాను. రెండు పక్కలా క్లాంపులు వేసి బిగించాను. ఆరాక ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. గురువారం జాకీలు తీసేశాను. దూలం నిలిచింది. ఎక్కడ పగిలిందో చేత్తో తడిమి చూసినా తెలియదు. మధ్యలో వచ్చిన బుధవారం నాడు, పుస్తకంలో నాలుగో దూలం దగ్గర నా అంచనా అంకె రాశాను.

ఇంట్లో కష్టంలో ఉన్న మనిషికి ఇక్కడ ఇంకో దెబ్బ తగలకూడదని చేశానని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది సగమే నిజం. పగులు కనిపించింది సరిగ్గా నా అతుకు దగ్గర. నేను వేసిన అతుకు ఊడిందని ఆవిడకి తెలియడం నాకు ఇష్టం లేకపోయింది.

శుక్రవారం ఆవిడ భర్త పోయారు. రెండు వారాల తర్వాత మేడమ్ ల్యాబుకి వచ్చారు. మనిషి సగమయ్యారు. నేరుగా దూలాల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే చూసుకున్నారు. నాలుగోదాని దగ్గర ఆగి, మిగతావాటికన్నా ఇదే గట్టిగా నిలబడిందని, నేను ల్యాబుని బాగా చూసుకున్నానని అన్నారు. అప్పుడే చెప్పడం న్యాయం కాదనిపించింది. ఇంకో వారం పోయాక చెబుదామనుకున్నాను. వారం కాస్తా నెలయింది, నెల ఏడాదయింది. ఆ తర్వాత చెప్పాల్సింది ఒక తప్పు కాదు, రెండయ్యాయి. పైగా ఆవిడ క్లాసులో నాలుగో దూలాన్ని చూపించి, ఒకే చెట్టు చెక్కలో కూడా ఒకదానికి ఇంకోదానికి ఎంత తేడా ఉంటుందో చూడండని పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఆ పాఠం రోజున నేను రంపం పని పెట్టుకునేవాణ్ణి, ఆ మాటలు చెవిన పడకుండా.

పదేళ్లు నిండాయి. ఆరింటికి ఆరూ నిలిచాయి. పత్రం సిద్ధమైంది. నియమాల పుస్తకం వాళ్లు కొత్త అంకెకి దాదాపు ఒప్పుకున్నారు. ప్రొఫెసరు ఇంటర్వ్యూ నెల రోజుల్లో ఉంది. ఈసారి ఖాయమని శాఖాధిపతే స్వయంగా వచ్చి చెప్పాడు. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఒక రోజు చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని వచ్చి నా బల్ల మీద పరిచారు. రెండంతస్తుల బడి. పై అంతస్తు మొత్తం మా దూలాల మీదే, మా అంకె ప్రకారం. ఆవిడ పాత విద్యార్థి ఒకడు గీశాడట, అంకె అచ్చు కాగానే పని మొదలుపెడతారట. కింద తరగతి గదిలో బల్లలు, వాటి వెనక పిల్లల బొమ్మలు కూడా చిన్నగా గీశాడు.

నాకు అన్నం సయించడం మానేసింది. మా ఆవిడ ఏమైందని అడిగితే కసురుకున్నాను. రెండు రోజులు చూసి, బుధవారం పొద్దున కొలతలయ్యాక మేడమ్‌ని కూర్చోమన్నాను. ఆవిడ నవ్వుతూ, మీ అమ్మాయి పెళ్లి కుదిరిందా అన్నారు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ జిగురు, ఎన్ని క్లాంపులు, అన్నీ చెప్పేశాను. నా అతుకు సంగతి కూడా చెప్పాను.

ఆవిడ లేచారు. టార్చి, భూతద్దం తీసుకుని నాలుగో దూలం కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు వెతికారు. చివరికి వేలితో ఒక చోట ఆపి అన్నారు.

“బాగా అతికారు, మేస్త్రీ.”

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆవిడ లేచి చీర దులుపుకుని, కొలతల పుస్తకంలో దూలం పగిలిన వారం పేజీ తీసి నా ముందు పెట్టారు. మీ చేత్తోనే రాయండి, అన్నీ రాయండి అన్నారు. రాశాను. ఆవిడ పక్కన నిలబడి, ఏ పని ఎన్ని గంటలకో కూడా వేయించారు.

మర్నాడు ఆవిడ అత్తగారు నాకు ఫోన్ చేశారు. ఎనభై దాటినావిడ, కొడుకు పోయాక కోడలితోనే ఉంటున్నారు. ఎవరి మీదైనా కోపమొస్తే అరవరు, గొంతు ఇంకా తగ్గిస్తారు.

“నాయనా, నా కోడలు నిన్న అన్నం ముట్టలేదు. నా కొడుకు పోయిన రోజు కూడా, నా కోసమని, రెండు ముద్దలు తింది. నువ్వేం చేశావో నాకర్థం కాలేదు గానీ, ఈ సంగతి నీకు తెలియాలని ఫోన్ చేశాను.”

ఆ తర్వాత శాఖాధిపతి ఇద్దర్నీ పిలిపించాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేయాలన్నాడు, అందులో నేను కాదనేదేమీ లేదు. మేడమ్‌తో మాత్రం మెత్తగా మాట్లాడాడు. ఆయనకో ఉపాయం తట్టింది. నాలుగోదాన్ని లెక్కలోంచి తీసేసి, అయిదు దూలాలతో చేశామని, అయిదూ నిలిచాయని రాయమన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదన్నాడు. పదవీ దక్కుతుంది, పదేళ్లూ దక్కుతాయి. నేను లోలోపల దేవుళ్లకి మొక్కుకున్నాను, ఒప్పుకోమని.

“పగిలింది అదొక్కటేనండీ. దాన్ని తీసేస్తే ఇంక మనం చూసిందేముంది?” అన్నారు ఆవిడ.

నా సంగతికి వచ్చేసరికి, పగులు వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో తను ఏనాడూ కాగితం మీద పెట్టలేదని, చెక్కని కాపాడటమే బతుకైన మనిషిని ఆ దూలాలతో ఒంటరిగా వదిలేసి వెళ్లింది తనేనని, ఆ లోపం తన పేరు మీదే రాసుకోమని చెప్పారు. నా ఉద్యోగం నిలిచింది. పత్రంలో ఆరింటిలో ఒకటి నాలుగో ఏట పగిలిందని, కారణం నిర్ధారించలేకపోయామని రాశారు. నియమాల పుస్తకంలో పాత అంకే ఉండిపోయింది. బడిని ఇనుముతో కట్టారు. ప్రొఫెసరు పదవి కాంక్రీటులో నలభై పత్రాలున్న ఆయనకి వచ్చింది. నాకు అప్పుడు వచ్చిన కోపం నా మీదో, వాళ్ల మీదో, ఆవిడ మొండితనం మీదో నాకే తెలియలేదు.

కారణం ఎందుకు తెలియలేదంటే అదీ నా పుణ్యమే. జిగురుతో పగులంతా నింపేయడం వల్ల, ముందు పోయింది అతుకా, పక్కనున్న చెక్కా అన్నది చూసే వీలు లేకుండా పోయింది. అతుకే అయితే తప్పు నా పనిది, అంకె సరైనదే. చెక్క అయితే ఆ బరువే ఎక్కువ. మొదట్లో అదే చెక్కతో చేసి వాడకుండా పక్కన పెట్టిన దూలం ఒకటి మిగిలి ఉంది. నెల తిరక్కుండానే మేడమ్ దానికి అదే బరువు వేలాడదీయించారు. నాకు రిటైర్మెంటుకి ఎంతో కాలం లేదు, ఆవిడకీ నాలుగేళ్లు దాటి లేదు. ఇది తెలుసుకోకుండా ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదన్నారు. క్లాసులు మునుపటిలాగే చెప్పారు. నాతో మునుపటిలాగే మాట్లాడారు. నేను రిటైరయ్యాక కూడా బుధవారం బుధవారం వెళ్లి కొలతలు తీసేవాణ్ణి. రావద్దని ఆవిడ అనలేదు, రమ్మనీ అనలేదు.

మూడేళ్ల ఎనిమిది నెలలకి, ఒక బుధవారం నేను ముల్లు చూస్తుండగా ఆ చప్పుడే మళ్లీ వినిపించింది. అడుగు పలకలో గీత పడింది. జాకీలు గోడవారనే ఉన్నాయి. నా చేతులు ఊరుకుంటే కదా. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాను. ఒక విద్యార్థితో కబురు పంపితే, మేడమ్ క్లాసు మధ్యలో వదిలేసి వచ్చి నా పక్కన ఇంకో స్టూలు వేసుకున్నారు. ప్రతి అయిదు నిమిషాలకీ ఆవిడ ముల్లు చూసి అంకె చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. మధ్యాహ్నం రెండుంబావు దాటాక దూలం రెండుగా విరిగి, బరువులతో సహా కింద పోసిన ఇసుకలో పడింది. నేల అదిరి పై అంతస్తులో క్లాసులు ఆగిపోయాయి. దుమ్ములో నాకు కనిపించింది ఆ బడి బొమ్మే, ఆ కాగితం మీద గీసిన పిల్లలే. ఏడుపు ఆపుకోలేకపోయాను.

దుమ్ము తగ్గాక ఆవిడ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని విరిగిన ముక్కని తిప్పి చూశారు. నన్ను దగ్గరికి పిలిచారు. దువ్వెన పళ్లు ఒకదాంట్లో ఒకటి పట్టుకుని ఎలా అతికానో అలాగే ఉన్నాయి. వాటికి బెత్తెడు దూరంలో చెక్క నిలువునా చీలిపోయింది.

“మీ అతుకు బాగానే ఉంది, మేస్త్రీ. చెక్కే పోయింది. నేనే బరువు ఎక్కువ కట్టాను,” అన్నారు. ముక్కని కింద పెట్టి, “ఇంకాస్త తగ్గిస్తే నిలుస్తుంది. ఎంత తగ్గించాలో ఇప్పుడు తెలుస్తోంది,” అన్నారు.

అప్పటికి ఆవిడకి రెండు నెలల సర్వీసు మిగిలింది. ఆ ముక్కల్ని కొలిచి, ఫొటోలు తీసి, అన్నీ పుస్తకంలోకి ఎక్కించి, రెండు నెలల తర్వాత తాళాలు ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోయారు.

నేను ఇంట్లో కూర్చుని లెక్క వేసి చూసుకున్నాను. నాలుగో దూలం పగిలిన రోజునే ఆవిడకి చెప్పి ఉంటే, పగులు చూసి, అతుకు కాదు చెక్కే పోయిందని అప్పుడే తేల్చేవారు. బరువు తగ్గించి కొత్త దూలాలతో మళ్లీ మొదలుపెట్టేవారు. ఆవిడ రిటైరయ్యే నాటికి ఆ పదేళ్లు నిండి, ఇంకా కొన్ని నెలలు మిగిలేవి. ఈ లెక్క ఆవిడ నాకన్నా ముందే వేసి ఉంటారు. నాతో మాత్రం ఇంతవరకూ అనలేదు.